పిల్లనడగ వచ్చారు

ఈ వేసవిలో ఓ ఆదివారం పొద్దున మా ఇంటికి పిల్లనడగ వచ్చారు.

కంగారుపడకండి. మా మనవరాలికి ఇంకా పద్దెనిమిదైనా నిండలేదు. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి కూర్చుంది. వచ్చినవాళ్ళు మగపెళ్ళివారూ కారు. ఊరికి ఆ కొసనున్న ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌గారూ, ఆయన వెంట ఓ లెక్చరరమ్మా. కానీ జరిగిన తతంగం మాత్రం అచ్చం పెళ్ళిచూపులే!

హుస్సేనీ ఆలంలో మా సందు ఎంత ఇరుకంటే, కారు పెద్దరోడ్డు మీద వదిలి నడిచి రావలసిందే. వాళ్ళు మా గుమ్మం ఎక్కేలోపల సందు సందంతా కిటికీల్లోకి వచ్చేసింది. ఎదురింటి ఖాలా అయితే మేడమీంచే "రిష్తా ఆయా క్యా?" అని కేకేసింది. సంబంధం కాదు, బంతాట అని చెప్పేసరికి నా గొంతు పోయింది.

మంచినీళ్ళు తాగీ తాగకముందే కోచ్‌గారు, "అమ్మాయి ఎత్తెంతండీ?" అన్నారు.

మావారి మొహం చూడాలి అప్పుడు! మా పిల్ల అయిదడుగుల పదంగుళాలు. పదమూడో ఏటినుంచీ ఆ ఎత్తే ఇంటిల్లిపాదికీ దిగులు. "ఇంత పొడుగు పిల్లకి మొగుణ్ణి ఎక్కడ తెస్తరమ్మా?" అని అడగని చుట్టం లేదు. పాపం అది ఫోటోల్లో వెనకవరసలో చేరి మోకాళ్ళు వంచి నిలబడేది. ఆయన మాత్రం ఎత్తు వినగానే, "ఇంకో రెండంగుళాలుంటే ఇంకా బాగుండేది" అన్నారు. అంత మాట అన్న మనిషిని మేము అదే మొదటిసారి చూడటం. పిల్ల చటుక్కున నిటారుగా నిలబడింది.

ఈ ఆటలో రింగు నేలకి పదడుగుల పైన ఉంటుంది. 1891లో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు పళ్ళబుట్టలు రెండు పైన కట్టించి మొదలుపెట్టిన ఆట ఇది. కొద్దికాలానికే సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ తన కాలేజీ ఆడపిల్లలకీ నేర్పేసింది. ఆటలో ఆడవాళ్ళు వెనకబడలేదన్నమాట. వెనకబడింది మా సందు.

చిన్నప్పుడు మా పిల్ల ఖుర్షీద్ జా దేవిడీ ముందు మైదానంలో మగపిల్లలు క్రికెట్ ఆడుతుంటే గోడవారన నిలబడి బంతి అందించేది. జూనియర్ కాలేజీలో చేరిన మొదటిరోజే వరండాలో దీన్ని చూసిన పి.డి. మేడమ్ పేరైనా అడక్కుండా, "రేపు పొద్దున ఆరింటికి రా" అన్నారట. అంతే, రెండేళ్ళు తిరిగేసరికి అండర్ 19 పోటీలదాకా వెళ్ళింది. నారాయణగూడ వై.ఎం.సి.ఎ.లో ఓ మ్యాచ్ చూసే కోచ్‌గారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

ఆయన ఇస్తానన్నవి వినండి: ఫీజు లేదు, హాస్టల్ లేదనకుండా ఇస్తారు, బూట్లు వాళ్ళవే. కాలేజీ జట్టులో బాగా ఆడితే ఉస్మానియా యూనివర్సిటీ జట్టు, అక్కణ్ణుంచి అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, ఆ సర్టిఫికెట్టుతో రేపు ఉద్యోగంలో స్పోర్ట్స్ కోటా.

"ఇంటి పక్కన ఆడపిల్లల సర్కారు డిగ్రీ కాలేజీ పెట్టుకొని అంత దూరం ఎందుకు బిడ్డా?" అన్నారు మావారు. నిజమే, హుస్సేనీ ఆలంలోనే ఉంది కాలేజీ. 'దోస్త్' అడ్మిషన్లలో ఆటగాళ్ళకి వేరే కేటగిరీ కూడా ఉంది. అన్నం వండిపెట్టి పంపొచ్చు. నా మనసూ అటే లాగింది.

అంతలో నాకు నా సంగతి గుర్తొచ్చింది. 1969లో పి.యు.సి. పోయి రెండేళ్ళ ఇంటర్ వచ్చింది కదా, నేను ఇంటర్ చదివింది 1978లో. అప్పుడు టెన్నికాయిట్ ఆడేదాన్ని. రింగు నా చేతికొస్తే కింద పడేది కాదు. ఇంటర్ అయిపోయింది, టి.సి. తెచ్చుకున్నాను, ఆట ఆగిపోయింది. మా నాన్న వద్దనలేదు. ఎవరూ వద్దనలేదు. ఇంకా ఆడతావా అని ఎవరూ అడగనూ లేదు. ఇన్నేళ్ళకి మా గుమ్మంలోకి ఒకరు వచ్చి అడుగుతుంటే, కాదనడానికి నాకు నోరు రాలేదు.

కానీ మా అమ్మాయి, అంటే పిల్ల తల్లి, బ్యాంకులో పనిచేస్తుంది. టీ కప్పు కింద పెట్టి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "సార్, దీని మోకాలు విరిగితే ఫీజు ఎవరు కడతారు?"

ఇల్లంతా నిశ్శబ్దం. పెళ్ళిచూపుల్లో కట్నం ఎంతని మనమే ఎదురడిగినట్టయింది. కోచ్‌గారు మంచివారు, అబద్ధం చెప్పలేదు. "ఫీజు మాఫీ ఏ ఏటికాయేడేనమ్మా, ఆడితేనే" అన్నారు.

"అయితే దెబ్బ తగిలి ఆడలేకపోతే ఏమిటో కాగితం మీద రాసివ్వండి" అంది మా అమ్మాయి. ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడి చెప్తానని ఆయన లేచారు.

ఆ రాత్రి మనవరాలు నాకు అమెరికా సంగతులు చెప్పింది. అక్కడ 1901లోనే ఇల్లినాయ్ రాష్ట్రం జోలియెట్‌లో జూనియర్ కాలేజీ పెట్టారట. ఇప్పుడు అలాంటివి దేశమంతా ఉన్నాయి. పెద్ద కాలేజీల కంట పడని పిల్లలు అక్కడ రెండేళ్ళు ఆడి, తరవాత నాలుగేళ్ళ కాలేజీకి మారతారు. ముంబై అమ్మాయి బర్ఖా సోంకర్ అలాగే మారింది. 2010లో ఎంపికై ఫ్లోరిడా వెళ్ళి, అక్కడే హిల్స్‌బరో కమ్యూనిటీ కాలేజీలో ఆడి, కెంటకీలోని లిండ్సీ విల్సన్ కాలేజీకి చేరింది. అయితే అక్కడా ఉత్త బంతి ఒక్కటే చాలదు. చదివిన సబ్జెక్టులు కొత్త కాలేజీ లెక్కలోకి రావాలి, మార్కులుండాలి. మార్కులు తక్కువైతే ఎంత ఆటగత్తెకైనా గుమ్మం దగ్గరే ఆగిపోవడం.

"మనకే నయమే, ఇంటర్ గట్టెక్కితే డిగ్రీ మొదటినుంచీ మొదలు" అన్నాను.

"గట్టెక్కాలి కదా అమ్మమ్మా!" అంది. ఫిజిక్స్ పేపరు ఎలా రాసిందో అప్పుడర్థమైంది నాకు.

మర్నాడు పి.డి. మేడమ్ దగ్గరికి సలహాకి వెళ్ళాం. ఆవిడ మూడు ముక్కలు చెప్పారు. "పిల్లకి కావలసిన గ్రూపు అక్కడ ఉందా చూడండి. ఆట మూడేళ్ళు, డిగ్రీ బతుకంతా. జట్టులో దీనికంటే పొడుగువాళ్ళు ఎందరున్నారో అడగండి. ఎక్కువమంది ఉంటే మూడేళ్ళూ బెంచీమీదే కూర్చోబెడతారు. ఇప్పటికే అక్కడ ఆడుతున్న అమ్మాయితో ఒకసారి మాట్లాడించండి. కోచ్ చెప్పని మాట ఆ పిల్ల చెప్తుంది."

పిల్ల ఫోన్‌చేసి మాట్లాడింది. పొద్దున రెండు గంటలు ఆట, క్లాసులు బాగానే జరుగుతాయి, సాంబారు మాత్రం నీళ్ళలా ఉంటుంది. ఇదీ అసలు నివేదిక!

పదిరోజులకి కాగితం వచ్చింది. ఆటలో దెబ్బ తగిలితే ఆ సంవత్సరం ఫీజు అడగమని రాశారు. మూడేళ్ళకీ రాయలేదు. మా అమ్మాయి రెండుసార్లు చదివి, "మిగతా రెండేళ్ళకీ నేను దాచిపెడతాలే" అని కాగితం మార్కుల మెమోతోపాటు ఫైల్లో పెట్టింది. మావారు ఏమీ అనలేదు. సాయంత్రం బజారుకెళ్ళి ఓ స్టీలు డబ్బా కొనుక్కొచ్చారు, హాస్టల్లోకి పచ్చడికని.

టి.సి. తెచ్చుకునే రోజు నేనూ వెంట వెళ్ళాను. ఈ ఏడు ఆవిడ జట్టులో అయిదుగురు వెళ్ళిపోతున్నారు. "బాధగా ఉండదా మేడమ్? తయారుచేయడం మీరు, ఆడించుకునేది ఇంకొకరు!" అన్నాను.

"ఆడపిల్లని కన్నవారు మీరు, నన్నడుగుతారేమిటండీ!" అని నవ్వేశారు. తరవాత నా దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి, "మీ సందులో పొడుగుపిల్లలు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు.

అప్పటినుంచీ నాకు ఇదో జబ్బు పట్టుకుంది. పాలకోసం వెళ్ళినా, కూరలకి వెళ్ళినా, ఆడపిల్లల్ని కిందనుంచి పైకి కొలుస్తున్నాను. ఎదురింటి ఖాలా మనవరాలు ఎనిమిదో తరగతి. అప్పుడే మా గుమ్మం కమ్మీ అందుకుంటోంది.

రేపు నేనే వాళ్ళింటికి పిల్లనడగ వెళ్తున్నాను.