పెరట్లో చలికాలపు పిట్టలు

16 నవంబరు 2024

హైదరాబాదులో చలి మొదలైంది. పెరటికి ఉత్తరాది పిట్టలు వచ్చే రోజులివి. వచ్చినవాటిని పోల్చుకోవాలంటే ముందు ఏడాది పొడుగునా ఉండేవాటిని బాగా ఎరిగి ఉండాలి. నెత్తిన నల్లటి కుచ్చు, తోక మొదట్లో కింద ఎర్రటి మచ్చ ఉంటే పిగిలిపిట్ట. తుప్పురంగు నెత్తి, నిక్కబొడిచిన తోక, ఒంటికి మించిన గొంతు ఉంటే దర్జీ పిట్ట. వేసవి అంతా టుక్ టుక్‌మని వాయించే కంసాలి పిట్ట ఇప్పుడు దాదాపు పలకదు. కనుక దాన్ని కళ్ళతోనే వెతకాలి.

30 నవంబరు

మునగ పూల మీద తేనెపిట్టలు. పర్పుల్ సన్‌బర్డ్ మగది గూడు కట్టే కాలంలో నీలి మెరుపుల నలుపుతో ఉంటుంది. ఆ కాలం దాటాక ఈకలు రాల్చి, అచ్చం ఆడదానిలా మారిపోతుంది. గొంతు నుంచి పొట్టదాకా నిలువుగా దిగే నల్లచారే గుర్తు. ఆడవాటిని గొంతు దగ్గర చూడాలి. గొంతు నుంచే పసుపు ఉంటే పర్పుల్, గొంతు తెల్లబారి రొమ్ము నుంచి పసుపు మొదలైతే పర్పుల్-రంప్డ్ సన్‌బర్డ్.

21 డిసెంబరు

ధనుర్మాసపు పొద్దున వేపచెట్టు పైకొమ్మల్లో పదునైన రెండక్షరాల కూత. గ్రీనిష్ వార్బ్లర్! పిచ్చుకకన్నా చిన్నది. కంటిపైన పొడవాటి లేతగీత, రెక్కమీద సన్నని తెల్లచార. ఆకు ఆకునూ గాలిస్తూ ఒకచోట నిలవదు. కింద గోరింట కంచెలోంచి ‘చక్, చక్’ మన్నది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. మట్టిరంగు ఒళ్ళు, రెక్కమీద ఏ చారా లేదు. రంగు కోసం పట్టుబడితే ఈ రెండూ చేతికి చిక్కవు. చెట్టు మీదుందా, పొదలో ఉందా, ఎలా పలికింది అని అడిగితే సగం జవాబు దొరుకుతుంది.

11 జనవరి 2025

ముగ్గుల సందడిలోనూ జామకొమ్మ మీద చూపు నిలిచింది. రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ తోకను పైకి ఎగరేసినప్పుడల్లా మొదట్లో రెండు పక్కలా తెలుపు మెరుస్తోంది. నారింజ గొంతు ఎదిగిన మగవాటికే ఉంటుంది. తోక చూసేవారికి ఆడదైనా, పిల్లదైనా ఒకటే.

14 ఫిబ్రవరి

గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ మొదటిరోజు. 1998లో అమెరికాలో మొదలైన ఈ లెక్కింపులో 2013 నుంచి మన దేశమూ ఉంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట కూర్చుని, కనిపించినవీ వినిపించినవీ రాస్తే చాలు. మావారినీ, పక్కింటి పిల్లల్నీ కూర్చోబెట్టాను. కంచెలో ‘చక్’ మన్నది ఏమిటో పిల్లలే ముందు చెప్పారు.

తోటమాలి గోరింట కంచె కత్తిరించి మందు కొడతానన్నాడు. ఏప్రిల్ దాటేదాకా రెండూ వద్దన్నాను. ఆ పొదే ఈ ఉత్తరాది పిట్టల నీడ, అందులోని పురుగులే వీటి తిండి. వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు పట్టించుకోవలసింది ఈ నెలల్లోనే.