అమ్మకానికి పెట్టిన ఇంట్లో కాపురం

ఇల్లు అమ్మదలచినవాడు అందులో ఉండి అమ్మాలా, ఖాళీచేసి అమ్మాలా? ఆరునెలలుగా మా ఇంట్లో ఇదే రామాయణం.

ఇల్లు రేపల్లెలో, నా ఉద్యోగం బాపట్లలో. రేపల్లెతో రైలుమార్గం సరి. తెనాలి వెళ్ళి బండి మారితేగాని బాపట్ల రాదు. రైల్లో పేపర్లు దిద్దుకోవచ్చు గదా అని నా వాదం. "బాపట్లలో అద్దెకు దిగి, తాళంచెవి బ్రోకరు చేతిలో పడేద్దాం" అంటుంది మా ఆవిడ. తెనాలి బ్రోకరుదీ అదే మాట. పోపువాసన, తీగమీద పంచెలు చూస్తే బేరం తెగదట!

అమ్మ కదలనంది. "దీపంలేని ఇంట్లో చెదలు కాపురం పెడతాయిరా" అంది. అదీ నిజమే. డెల్టా నేల, చెమ్మ ఎక్కువ. మూసిన తలుపులు ఒక్క వానాకాలానికే ఉబ్బి బిగుసుకుంటాయి. ఉండిపోయాం.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. చూడవచ్చినవారికల్లా అమ్మ మంచినీళ్ళిచ్చి, "వంటింటి మూల కురుస్తుంది నాయనా, ముందే చెబుతున్నా" అనేది. ఇద్దరు మళ్ళీ రాలేదు. అమ్మ గుడికి వెళ్ళినప్పుడు నేను ఆ మరకమీద సున్నం కొట్టించాను. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

తరువాత ప్లీడరు స్నేహితుణ్ణి అడిగాను. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, 55వ సెక్షన్ చూపించాడు. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం, అమ్మేవాడికి తెలిసీ చెప్పకపోతే మోసం కిందే లెక్కట. అమ్మ ఏ సెక్షనూ చదవలేదు.

మేస్త్రీకి కబురు పెట్టాను. ఆదివారం మరొకరు చూడవస్తారట. ధర ఎంత తగ్గించాలో మా ఆవిడా నేనూ ఇంకా తేల్చుకోలేదు.