రూపాయి బిళ్ళ బరువెంత?

పిల్లలూ!

మీ చేతిలో ఒక రూపాయి బిళ్ళ ఉందనుకోండి. దాని బరువెంత? "ఇదేం ప్రశ్న? త్రాసులో వేస్తే అదే చెబుతుంది" అంటారు మీరు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ముప్ఫయి ఏళ్ళపాటు పాఠాలు చెప్పిన తరువాత, ఒక రూపాయి బిళ్ళే నాకు పాఠం చెప్పింది. ఆ పాఠం నేర్చుకునే లోపల ఒక కుర్రవాడి మనసు నొప్పించాను కూడా. ఆ సంగతి మీకు చెబుతాను, వినండి.

2012 లో నేను కృష్ణా తీరాన ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ణి. మా బడిలో చదువుకుని ఢిల్లీలో స్థిరపడిన ఒకతను, అక్కడ తన ప్రయోగశాలలో వాడుతూ ఉండిన ఎలక్ట్రానిక్ త్రాసును మాకు పంపించాడు. చూడడానికి చిన్న పెట్టెలాగా ఉన్నది. పైన గుండ్రని పళ్ళెం, దాని చుట్టూ తలుపులున్న అద్దాల అర. అది 200 గ్రాముల వరకు తూస్తుంది. గ్రాములో వెయ్యవ వంతును, అంటే ఒక్క మిల్లీగ్రామును కూడా, అంకెల్లో చూపిస్తుంది.

నేను దాన్ని కిటికీ ప్రక్కనున్న కొయ్యబల్ల మీద పెట్టించాను. ప్లగ్గు తగిలించి, తొమ్మిదవ తరగతిలో ఆరుగురిని పిలిచి, ఒక రూపాయి బిళ్ళ ఇచ్చాను. "దీన్ని ఒక్కొక్కరూ పదిసార్లు తూచి, పది అంకెలూ వ్రాసుకు రండి" అన్నాను.

సాయంత్రానికి ఆరు పుస్తకాలూ వచ్చాయి. అయిదింటిలో పది గళ్ళలోనూ ఒకే అంకె ఉన్నది. ఆరవ పుస్తకంలో మాత్రం 3.781, 3.794, 3.776, 3.803... ఇలా ఏ రెండూ ఒకటి కావు. ఆ పుస్తకం తెచ్చిన కుర్రవాణ్ణి నిలబెట్టి, "బిళ్ళ ఒకటే, త్రాసు ఒకటే. బరువు పది రకాలు ఎలా అవుతుందిరా? నీకు శ్రద్ధ లేదు. వాళ్ళను చూచి నేర్చుకో!" అన్నాను.

"త్రాసు అట్లాగే చూపించిందండి, మాస్టారూ" అన్నాడు వాడు తల వంచుకుని.

"పైగా ఎదురు చెబుతావా?" అని కసిరాను. వాడు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఇంటి దగ్గర పుస్తకాలు మళ్ళీ తిరగవేశాను. అప్పుడు నాకొక వింత కనబడింది. ఆ అయిదు పుస్తకాల్లో దేనికదే ఒకే అంకె. కాని ఏ రెండు పుస్తకాల అంకే ఒకటి కాదు! ఆరవ పుస్తకం తీశాను. ప్రతి అంకె ప్రక్కనా వాడు చిన్న అక్షరాలతో ఏదో వ్రాసి పెట్టాడు. "పంకా తిరుగుతున్నది." "అద్దం తలుపు తెరిచి ఉన్నది." "బల్ల కదిలింది." పగలు నేను అంకెలే చూశానుగాని, ఈ మాటలు చదవలేదు.

తెల్లవారి అందరికంటే ముందు బడికి వెళ్ళి, నేనే బిళ్ళను తూచాను. 3.798 అన్నది త్రాసు. తీసి మళ్ళీ పెట్టాను. 3.779! చేయి తగలకుండానే చివరి అంకెలు పరుగులు తీస్తున్నాయి. నాకు సిగ్గు వేసింది.

ప్రార్థన కాగానే ఆరుగురినీ ప్రయోగశాలకు పిలిచాను. "తప్పు నాదిరా, అబ్బాయీ. నువ్వు చూచింది చూచినట్టు వ్రాశావు" అన్నాను అందరి ఎదుటా. అప్పుడు మిగతా అయిదుగురూ మొహాలు చూచుకుని, తాము ఒక్కసారే తూచి, తక్కిన తొమ్మిది గళ్ళూ అదే అంకెతో నింపామని ఒప్పుకున్నారు. వాళ్ళను నేను కసరలేదు. త్రాసు సంగతి నేను తెలుసుకోకుండానే వాళ్ళ చేతికిచ్చాను గదా!

తరువాత అందరం కలిసి త్రాసును సరిచేయడానికి కూర్చున్నాం.

ముందు అది ఎలా పనిచేస్తుందో తెలియాలి. మీ అరచేతి మీద ఒక పుస్తకం పెట్టుకోండి. చేయి క్రిందికి దిగిపోకుండా మీరు పైకి ఎత్తి పడతారు. ఎంత బలంతో ఎత్తి పట్టారో తెలిస్తే, పుస్తకం బరువు తెలిసినట్టే. ఈ త్రాసు చేసేదీ అదే. పళ్ళెం క్రింద ఒక రాగి తీగచుట్ట, దాని చుట్టూ ఒక అయస్కాంతం ఉంటాయి. పళ్ళెం దిగబోతే, తీగచుట్టలోకి కరెంటు ప్రవహించి దాన్ని ఉన్నచోటనే నిలబెడుతుంది. ఎంత కరెంటు కావలసి వచ్చిందో కొలిచి, త్రాసు దాన్ని గ్రాములుగా చూపిస్తుంది. కిరాణా కొట్లలోని ఎలక్ట్రానిక్ త్రాసు సాధారణంగా వేరే రకం. అందులో బరువుకు ఒక లోహపు కడ్డీ రవ్వంత వంగుతుంది. ఆ వంపును కొలుస్తారు.

పళ్ళెాన్ని నొక్కింది రూపాయి బిళ్ళా, పంకా గాలా అన్నది త్రాసుకు తెలియదు. ఏది నొక్కినా అది లెక్కవేస్తుంది. అందుచేత మేము త్రాసును కిటికీ దగ్గరనుంచి, పంకా క్రిందనుంచి తీసి, గోడలోకి దిగవేసి కట్టిన కడపరాయి బల్ల మీద పెట్టాం. తాపీమేస్త్రీ వాడే రసమట్టం వంటిదే త్రాసుకూ ఒకటి ఉంటుంది. అడుగున ఉన్న మరకాళ్ళను త్రిప్పి, బుడగను నట్టనడుమకు తెచ్చాం. త్రాసు ఒరిగి ఉంటే బరువు తక్కువ చూపిస్తుంది. తరువాత ప్లగ్గు పెట్టి అరగంట ఊరుకున్నాం. లోపలి భాగాలన్నీ ఒకే వేడికి రావాలి గదా! అద్దం తలుపులు మూసి, మళ్ళీ తూచాం. 3.787, 3.787, 3.786, 3.787! పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఇంకా ఆగండి. అంకె నిలబడింది, సరే. నిజమో కాదో చూడాలి" అన్నాను. త్రాసుతోపాటు ఢిల్లీ నుంచి 200 గ్రాముల ప్రమాణపు గుండు కూడా వచ్చింది. వేళ్ళ జిడ్డు అంటకుండా దాన్ని పటకారుతో పట్టి పళ్ళెంలో ఉంచాం. 199.86 గ్రాములు! నాలుగుసార్లు పెట్టినా అంతే.

"ప్రతిసారీ ఒకే అంకె వస్తున్నది గదండీ, అయినా తప్పేనా?" అని అడిగాడు ఆ కుర్రవాడు.

తప్పే మరి! ఆ తప్పు ఎలా వచ్చిందంటారా? భూమి అన్నిచోట్లా ఒకే బలంతో లాగదు. ధ్రువాల దగ్గర ఎక్కువగానూ, భూమధ్యరేఖ దగ్గర తక్కువగానూ లాగుతుంది. ఆ తేడా నూటికి అర పాలు ఉంటుంది. ఢిల్లీకంటే మా ఊరు భూమధ్యరేఖకు దగ్గర. అందుచేత ఢిల్లీలో సరిచేసిన త్రాసు మా ఊళ్ళో బరువు కాస్త తక్కువ చూపించింది. రెండు పళ్ళేల పాత త్రాసుకు ఈ చిక్కు లేదు. వస్తువునూ గుండునూ భూమి ఒకే విధంగా లాగుతుంది గనక, ఏ ఊళ్ళోనైనా అది ఒకే మాట చెబుతుంది.

సరిచేసే మీట నొక్కి, అది అడిగినప్పుడు గుండు పెట్టి, "ఇదీ 200 గ్రాములంటే" అని త్రాసుకు నేర్పాం. తరువాత బిళ్ళను తూచాం. 3.790! ఒక సంగతి గుర్తుంచుకోండి. సున్న మీట నొక్కడం వేరు, సరిచేయడం వేరు. సున్న మీట ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. గుండు ఒక్కొక్క అడుగు ఎంతో చెబుతుంది.

మరి ఆ గుండు నిజమైనదని ఎలా తెలుసు? దాన్ని మరింత మంచి గుండుతోనూ, దాన్ని ఇంకా మంచిదానితోనూ పోల్చి ఉంటారు. అలా పోతే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చేరతాం. 1889 నుంచి ప్రపంచానికంతకూ కిలోగ్రాము అంటే పారిస్ దగ్గర సెవ్ర్‌లో దాచిన ఒక ప్లాటినం-ఇరిడియం గుండే. 2019 మే 20 నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు కిలోగ్రామును ప్లాంక్ స్థిరాంకం అనే ఒక ప్రకృతి సంఖ్యతో నిర్ణయిస్తారు. దాన్ని కొలిచే కిబిల్ త్రాసులో కూడా తీగచుట్ట, అయస్కాంతం ఉన్నాయి!

ఆ ఏడాదంతా మా త్రాసు మమ్మల్ని ఏదో విధంగా పరీక్షిస్తూనే ఉన్నది. వేడి గిన్నె పెడితే బరువు తగ్గినట్టు చూపేది. గిన్నె చుట్టూ వేడిగాలి పైకి లేచి దాన్ని తేల్చుతుంది. గుడ్డతో రుద్దిన ప్లాస్టిక్ గిన్నె పెడితే, విద్యుదావేశంవల్ల అంకె జారిపోయేది. ఒకనాడు అంకె ఎంతకూ నిలవలేదు. పళ్ళెం ఎత్తి చూస్తే, క్రింద చీమ! ప్రతిసారీ ఆ కుర్రవాడే ముందుగా కారణం కనిపెట్టేవాడు. అంకె ప్రక్కన నాలుగు మాటలు వ్రాసుకునే అలవాటు వాడిది.

నేను ఉద్యోగం విరమించి చాలాకాలమైంది. వాడి పుస్తకం మాత్రం నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉన్నది. పిల్లలూ! మీ అంకె మీ ప్రక్కవాడి అంకెతో కలవకపోతే, దాన్ని చెరిపివేయకండి. దాని ప్రక్కన మీరు చూచింది వ్రాయండి. ఎవరైనా పెద్దవాళ్ళు తొందరపడి కసిరినా సరే, ఆ కాగితం చింపకండి. తెల్లవారి వాళ్ళకే అది అవసరం కావచ్చు.