నల్లబల్ల మీద మూడు వాక్యాలు

ఆగస్టు 29

వరండాలో గేటుకు ఎదురుగా ఉన్న నల్లబల్ల మీద రోజూ ప్రార్థన గంటకు ముందే మూడు నాలుగు వాక్యాలు రాస్తున్నాను. భాషో, చరిత్రో, పండుగో ఏదో ఒకటి. అంతకు మించితే పిల్లలు నిలబడరు.

ఈరోజు గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం (1931), నిఘంటువు (1938) రాశారు. చదువు జనం మాట్లాడే తెలుగులోనే సాగాలని జీవితమంతా పోరాడారు. నేనీ డైరీ ఇలా రాసుకోగలగడం ఆయన పెట్టిన భిక్షే.

గంట కొట్టినా తొమ్మిదో తరగతి సవర అమ్మాయి బల్ల ముందు నుంచి కదల్లేదు. "అంత పెద్దాయన మా మాట నేర్చుకున్నారా మేష్టారూ?" అంది.

ఆగస్టు 30

ఆ ప్రశ్న రాత్రంతా మెదులుతూనే ఉంది. అందుకే ఈరోజు సవర గురించే రాశాను. తెలుగుకూ సవరకూ చుట్టరికం లేదు. మనది ద్రావిడం, వాళ్లది ముండా శాఖ. దాని దూరపు బంధువులు కంబోడియాలో ఖ్మేర్, వియత్నాంలో వియత్నామీస్. 1936లో మంగేయి గొమాంగో ఆ భాషకు సొంత లిపి కూడా తయారుచేశారు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర తోటి ఆడపిల్లలు ఆమె చుట్టూ చేరారు. నీళ్లనేమంటారు, కుక్కనేమంటారు అని ఒకటే ప్రశ్నలు. పదిమందిలో ఎన్నడూ తన భాష పలకని పిల్ల, ఒక్కో మాటా రెండేసిసార్లు చెప్పి పలికిస్తోంది. ఇన్నాళ్లూ ఆమెకు తెలుగు నేర్పాను, ఆమెను ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు. అది నా లోపం.

సెప్టెంబరు 12

సీతంపేట కొండల్లో పండే అనాస గురించి రాశాను. ఆ పేరు దక్షిణ అమెరికా ఆదివాసులది. పండుతోపాటే పోర్చుగీసు ఓడలెక్కి మన దేశం చేరింది. జీడిమామిడి కూడా 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి అదే దారిన వచ్చింది. పలాసలో ఇన్ని ఇళ్లకు అన్నం పెడుతున్నది ఆ చెట్టే. మేస్త్రి, అల్మారా అన్న మాటలూ పోర్చుగీసువే.

"మా నాన్న తాపీ మేస్త్రి" అని ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. సాయంత్రం ఇంటికెళ్లి నాన్నకు చెబుతాడట. ఒక సంగతి తెలుసుకున్నాను: పిల్లవాడి ఇంట్లో ఉన్న మాటతో మొదలుపెడితే, చరిత్ర వాడి వెంటే ఇంటికి నడిచి వెళ్తుంది.

నవంబరు 3

సోమవారం. "ఆదివారమే సెలవెందుకు?" అని ఆరో తరగతి నుంచి ప్రశ్న. వాళ్ల నానమ్మ కాలంలో అమావాస్యకే నాగలి ఆపేవారట. బల్ల మీద ఇలా రాశాను: బొంబాయి బట్టల మిల్లుల్లో వారమంతా పని ఉండేది. జోతిరావు ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే కార్మికులను కూడగట్టి ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా, 1890లో ఆదివారం సెలవు దక్కింది.

క్యాలెండరులో ఎర్రంకె చూసినప్పుడల్లా ఈ పిల్లలకు ఆ మిల్లు కూలీలు గుర్తుకు రావాలని నా కోరిక.

జనవరి 8

'సంక్రాంతి ఏటా జనవరి 14నే' అని నిన్న రాశాను. చిన్నప్పటినుంచీ విన్నదే కదా అని పంచాంగం తెరవలేదు. పదో తరగతి కుర్రాడు కిరాణా కొట్టు క్యాలెండరు చుట్టుకుని తెచ్చి చూపించాడు. ఈసారి 15. నిన్న చదివినవాళ్లు ఇంట్లో చెప్పే ఉంటారని మనసు చివుక్కుమంది. చెరిపేయలేదు. ఎర్ర సుద్దతో కొట్టేసి, 'ఇది తప్పు' అని కింద రాశాను.

తర్వాత క్లాసులో అందరం కలిసి లెక్క వేశాం. మన సంక్రాంతి సూర్యుణ్ని నక్షత్రాల మీద కొలిచే లెక్క. ఇంగ్లీషు క్యాలెండరు రుతువులను పట్టుకుని నడుస్తుంది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరుగుతుంది కాబట్టి నక్షత్రాల ఏడాది సుమారు 20 నిమిషాలు పెద్దది. రోజుకు 1440 నిమిషాలు. దాన్ని 20తో భాగిస్తే 72. అంటే దాదాపు 72 ఏళ్లకో రోజు చొప్పున సంక్రాంతి ఆలస్యంగా వస్తుంది. జవాబు రాగానే క్లాసంతా ఒక్క కేక.

జనవరి 12

బడికి సెలవులు. ఈరోజు వివేకానందుల జయంతి. ఆయన పుట్టిన 1863లో జనవరి 12నే మకర సంక్రాంతి. 163 ఏళ్లు, 72కొక రోజు, అంటే రెండు రోజుల పైచిలుకు. లెక్క కుదిరింది. గిడుగు వారు పుట్టిందీ ఆ ఏడాదే. ఆగస్టు పుట తిరగేసి చూసుకున్నాను.

సెలవులిచ్చే ముందు సవర అమ్మాయి వచ్చి, "మా కందికొత్తల పండగ గురించి రాయరా మేష్టారూ?" అనడిగింది. కొత్త కందులు దేవతకు పెట్టకుండా వాళ్లు నోట పెట్టరు. నాకు తెలిసింది అంతే. సుద్దముక్క ఆమె చేతిలోనే పెట్టాను. ఇంట్లో పెద్దలను అడిగి, సరిచూసుకుని రమ్మన్నాను. బడి తెరిచిన రోజు బల్ల మీద రాత ఆమెదే.