ఎంత దూరం?

ఎన్నికలొచ్చాయంటే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషనుకు చేరాల్సిందే. 2024 మార్చిలో కైకలూరు దగ్గరి పల్లెలో ఉండే ఆ పెద్దాయన కూడా తన డబుల్ బ్యారెల్ తుపాకిని పాత దుప్పట్లో చుట్టుకుని ఆటోలో పట్టుకెళ్ళారు. రసీదు రాస్తున్న కుర్ర కానిస్టేబులు గొట్టాల్లోకి తొంగిచూసి, "రెండూ ఒకలాగే ఉన్నాయిగా, ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందనాండీ?" అన్నాడు. "ఒకలాంటివి కాదు నాయనా" అన్నారాయన. వెనక ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు. వివరం చెప్పడానికి వీలు చిక్కలేదు.

ఆ వీలు ఆగస్టులో దొరికింది. డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మనవడు ఫోన్ చేశాడు. తోటి ఉద్యోగులు గువ్వల వేటకు రమ్మన్నారట. శిక్షణ క్లాసు పూర్తిచేశాడు, లైసెన్సూ వచ్చింది. తుపాకి మాత్రం స్నేహితుడిది. దాంతోపాటు చిన్న డబ్బాలో నాలుగు చోకులు ఇచ్చారు, మరలా తిప్పి బిగించుకునేవి. "ఏది బిగించమంటావు తాతయ్యా?"

పెద్దాయన వెంటనే జవాబివ్వలేదు. "ఎంత దూరంలో ఎగురుతాయిరా?" అని అడిగారు.

షాట్‌గన్ గొట్టానికి మూతి దగ్గర లోపలివైపు ఉండే సన్నని బిగింపే చోక్. పన్నెండు బోరు గొట్టం లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. మూతి దగ్గర అది ఒక్క మిల్లీమీటరు తగ్గితే ఫుల్ చోక్. చూస్తే కంటికి ఆనని తేడా, పాపం ఆ కానిస్టేబులు తప్పేముంది! కానీ తోటాలోంచి వందల గుళ్ళు ఒక్కసారే బయల్దేరి, పోనుపోను విచ్చుకుంటాయి. నలభై గజాల దూరంలో 30 అంగుళాల వలయం గీసి కాలిస్తే, చోక్ లేని గొట్టం నుంచి నూటికి 40 గుళ్ళు అందులో పడతాయి. ఇంప్రూవ్డ్ సిలిండర్ అయితే 50, హాఫ్ చోక్ అయితే 60, ఫుల్ చోక్ అయితే 70. పుస్తకాల్లో లెక్క ఇది. పెద్దాయన తండ్రి పుస్తకాన్ని నమ్మే మనిషి కాదు. పాత దినపత్రికలు రెండు మూడు అతికించి చేనుగట్టు మీద కర్రలకు కట్టించి, కాల్చి, చిల్లులు లెక్కపెట్టించేవారట. లెక్కపెట్టే పని పిల్లలది.

ఇంట్లో ఉన్న తుపాకికి కుడి గొట్టం ఇంప్రూవ్డ్ సిలిండర్, ఎడమది ఫుల్. ముందు ట్రిగ్గర్ కుడిదానికి, వెనకది ఎడమదానికి. కాళ్ళ దగ్గర నుంచి కౌజు లేస్తే ముందు ట్రిగ్గర్, దూరంగా పోయే బాతుకు వెనకది. వేలు ఎక్కడ పడాలో రెప్పపాటులో తేల్చుకోవాలి. దగ్గరి కౌజును ఎడమ గొట్టంతో కొడితే ఇంటికొచ్చేది పిట్ట కాదు, సీసం కలిసిన ఖైమా. కూర తింటూ పళ్ళ కింద పడ్డ గుండును కంచం అంచున టంగుమని వదలడం ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో విన్న చప్పుడే. వేట కబుర్లలో ఇది నవ్వుకునే భాగం. రెండో రకం పొరపాటు గురించి మాత్రం ఎవరూ చెప్పుకోరు.

1968 చలికాలంలో పెద్దాయనకు ఇరవై నాలుగేళ్ళు. కొల్లేట్లో తాటి దోనెలో కూర్చుని ఉండగా సూదితోక బాతుల గుంపు లేచింది. యాభై గజాలకు తక్కువ ఉండదు. తొందరలో వేలు ముందు ట్రిగ్గర్ మీద పడింది. పైగా అందులో ఉన్నది పిట్టలకు వాడే ఆరో నంబరు తోటా. చివరి బాతు ఒక్కసారి తూలి, రెక్కలు చాచి జారుకుంటూ కిక్కిసలోకి దిగిపోయింది. చీకటిపడేదాకా వెతికినా దొరకలేదు. దోనె నడిపే అతను మర్నాడు వచ్చి చెప్పాడు: "దెబ్బయితే తగిలిందండీ. చావు మటుకు రాలేదండీ, పొద్దుటిదాకా." ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదాయన. మొదటిసారి చెప్పింది ఈ ఫోన్లోనే.

మనవడు కాసేపు ఆగి, "అయితే ఆరో నంబరు వద్దంటావా?" అన్నాడు. ఇక్కడొక చిక్కు ఉంది. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది, అది అన్ని చోట్లా ఒకటే. కానీ ఇంగ్లీషు ఆరో నంబరులో ఔన్సుకు 270 గుళ్ళు, అమెరికా ఆరో నంబరులో సుమారు 225. తాతయ్య నంబరు అక్కడి కొట్లో అడిగితే వేరే సరుకే చేతికొస్తుంది. గువ్వలకు అక్కడ వాడేది ఏడున్నర, ఎనిమిది. పాతిక, ముప్ఫై గజాల్లో ఎగిరేవాటికి ఇంప్రూవ్డ్ సిలిండర్ చాలు.

"బాతులకు వెళితే ఎడమ గొట్టంలాంటిది బిగించు" అన్నారు పెద్దాయన, ఉత్సాహం వచ్చి. మనవడు వద్దన్నాడు. అమెరికాలో 1991 నుంచి నీటిపక్షుల వేటకు సీసం గుళ్ళు ఎక్కడా వాడకూడదట. బురదలో పడ్డ గుళ్ళను బాతులు గులకరాళ్ళనుకుని మింగుతాయి. అవి కందనకాయలో అరిగి విషమెక్కుతుంది. అందుకే ఉక్కు గుళ్ళు. ఉక్కు తేలిక కనుక రెండు సైజులు పెద్దవి తీసుకోవాలి. గట్టిది కనుక ఫుల్ చోకులోంచి పోనివ్వకూడదు. పాత గొట్టాలైతే చెడిపోతాయి కూడా.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఒక్కో తోటాకు రెండు వందల పైచిలుకు గుళ్ళు. పక్షికి తగిలేవి నాలుగో ఐదో, మిగతావన్నీ కొల్లేట్లోకే. ఎన్ని చలికాలాలు, ఎన్ని పెట్టెలు! 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, 1991 సవరణతో వేట దాదాపుగా ముగిసిపోయింది, 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. తప్పిపోయిన గుళ్ళ సంగతి మాత్రం ఆయనకు అప్పటిదాకా తట్టలేదు.

"ముప్ఫై అయిదు గజాలు దాటితే కొట్టకు. ముందురోజే వెళ్ళి ఏ చెట్టు ఎంత దూరమో అడుగులేసి చూసుకో" అని ఫోన్ పెట్టేశారు.

సెప్టెంబరు మొదటి వారంలో మనవడు మళ్ళీ చేశాడు. పెద్దాయన ఎన్ని కొట్టావని అడగలేదు.

"ఎన్ని దొరికాయి?"

"నాలుగు పడ్డాయి తాతయ్యా. నాలుగూ దొరికాయి. ఒకదానికి గంట పట్టింది."