చిన్నకారు – నూనె చిక్కదనము

సంస్కృతములో స్నేహమనగా చెలిమి మాత్రమే కాదు, చమురు అను అర్థము కూడ కలదు. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకములు ద్రవముల చిక్కదనమునకు పెట్టిన ‘స్నిగ్ధత’ అను పేరు ఆ ధాతువు నుండి వచ్చినదే. నువ్వుల నెయ్యి తెలుగున నూనె అయినది. తిలల నుండి తైలము, తైలము నుండి ఉర్దూలో తేల్ పుట్టినవి. ఈ వ్యుత్పత్తులను తరగతిలో మేము పలుమార్లు వివరించియున్నాము. అయితే మాటకు అర్థము చెప్పుట వేరు, కారు ఇంజనులో ఏ నూనె పోయవలెనో నిర్ణయించుట వేరు.

నర్సీపట్నములో చిన్నకారు గలవారికి ఈ నిర్ణయము అంత తేలికైనది కాదు. వేసవిలో ఇక్కడ ఎండ నలభై డిగ్రీలను తాకును. చింతపల్లి దారిన ఘాటీ ఎక్కినచో, సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో డిసెంబరు, జనవరి మాసముల తెల్లవారుజామున చలి సున్న డిగ్రీల దరిదాపులకు దిగును. ఆరుబయట నిలిచినవాడు కర్రవలె బిగిసిపోవునని ఆ ఊరిని కొర్రబొయలు అని కూడ పిలిచెదరు. ఒకే కారు ఈ రెండింటిని భరించవలెను. మా అక్కగారి కుటుంబము చింతపల్లిలో ఉండుటచే, వృద్ధురాలైన తల్లిగారితో ఆ ఘాటీ ఎక్కుట మాకు తప్పనిసరి.

మా కారును చూచు షెడ్డులోని ఉస్తాదు గారు లారీల మీద చేయి తిరిగినవారు. వారి అభిప్రాయము స్పష్టము. “మాష్టారూ, మన ఎండకి పల్చటి నూనె నీళ్లయిపోద్ది. చిక్కటిదే వేయించండి. అమ్మగారితో వెళ్లినప్పుడు రాత్రిపూట ఘాటీలో ఇంజను పట్టేస్తే ఎవరొస్తారు?” అన్నారు. ఆ మాటలో దబాయింపు లేదు, బాధ్యత ఉన్నది. దుకాణదారుడు మాత్రము, “ఇప్పుడంతా పల్చటి నూనెలే సార్, మైలేజీ పెరుగుతుంది” అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినవలెను?

ఇందుకు ముందుగా డబ్బా మీది అంకెలను చదువుట నేర్వవలెను. అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘమైన ఎస్.ఏ.ఇ. 1911లో నూనెలను చిక్కదనమును బట్టి వర్గీకరించినది. 15డబ్ల్యు-40 అను గుర్తులో ‘డబ్ల్యు’ అనగా చలికాలము. దాని ముందరి అంకె, చలిలో ఇంజను తిరుగుటకు నూనె ఎంతవరకు అనుకూలించునో తెలుపును. 20డబ్ల్యు నూనెను మైనస్ 15 డిగ్రీల వద్ద, 5డబ్ల్యు నూనెను మైనస్ 30 డిగ్రీల వద్ద ఇందుకై పరీక్షించెదరు. వెనుకటి అంకె 100 డిగ్రీల వేడిలో మిగిలియుండు చిక్కదనమును తెలుపును. 30 అంకె నూనెకు అది 9.3 నుండి 12.5 సెంటిస్టోకుల లోపు. 40 అంకె నూనెకు 12.5 నుండి 16.3 లోపు ఉండును. కనుక లంబసింగి చలికి 20డబ్ల్యు నూనె గడ్డకట్టునన్న భయము అక్కరలేదు.

మరి ఎండ మాట? బయట చలియైనను ఎండయైనను, వేడెక్కిన ఇంజనులోని నూనె ఇంచుమించు 100 డిగ్రీల దరినే పనిచేయును. ఆ వేడితో పోల్చినచో మన నలభై డిగ్రీల ఎండ నూనెకు చలి వంటిదే. అదే 5డబ్ల్యు-30 నూనె 40 డిగ్రీల వద్ద, 100 డిగ్రీల నాటి కంటె సుమారు ఆరు రెట్లు చిక్కగా ఉండును. ఉదయమున ఇంజను తిప్పిన తొలి క్షణములలో నూనె పైభాగమునకు చేరువరకు ఇనుముతో ఇనుము రాచుకొనును. అనవసరముగా చిక్కనైన నూనె పోసినచో ఆ ఆలస్యము పెరుగును.

అట్లని ఉస్తాదు గారి మాట నిరాధారమైనది కాదు. ఒకే అంకె గల నూనెలు వాడిన దినములలో వేసవికి చిక్కనిది, చలికాలమునకు పలుచనిది పోయుట వివేకమే. పైగా నిండు బరువుతో, తక్కువ గేరులో ఘాటీ ఎక్కునప్పుడు నూనె వేడి మరింత పెరుగును. అప్పుడు తెగని పొర కావలెను. కాని ఆ పొర ఎంత మందముండవలెనో, ఇంజను భాగముల నడుమ సందులను నిర్ణయించినవాడే చెప్పగలడు. ఇటీవలి కొన్ని చిన్నకార్లకు 0డబ్ల్యు-16 నూనెయే నిర్దేశింపబడినది. వాటిలో 20డబ్ల్యు-50 పోయుట పంపుకు భారము, పెట్రోలుకు నష్టము. ఆ పలుచని నూనెను పాత ఇంజనులో పోయుటయు అంతే అనుచితము. అరిగి పొగ వదలు ఇంజనుకు చిక్కని నూనె కొంతకాలము ముసుగు వేయును గాని వైద్యము చేయదు.

మా పాత కారు పుస్తకము 10డబ్ల్యు-30, 15డబ్ల్యు-40 రెండింటిని అనుమతించినది. ఘాటీ ప్రయాణములను తలచి రెండవదానిని ఎంచినాము. పుస్తకము గీసిన హద్దులో ఉస్తాదు గారి అనుభవమునకు చోటు దొరికినది.

ఇక ఫిల్టరు. అమెరికాలో స్వీట్లాండ్, గ్రీన్‌వుడ్ అనువారు 1923లో నూనె వడపోత సాధనమునకు పేటెంటు కోరిరి. నేటి ఫిల్టరులో మడతలు పెట్టిన కాగితపు పొర ఉండును. అది మురికితో పూడుకొనినచో నూనె ఆగిపోదు. పక్కదారి వాల్వు తెరుచుకొని వడగట్టని నూనెయే ఇంజనులోనికి పోవును. పైకి ఏమియు తెలియదు, లోపల అరుగుదల సాగుచుండును. అందుచే నూనె మార్చి ఫిల్టరు విడిచిపెట్టుట, స్నానము చేసి మాసిన బట్టలే తొడుగుట వంటిది.

ఇక్కడ ఉస్తాదు గారే మాకు గురువులైనారు. ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు చాంబరు బోల్టు విప్పి నూనె దింపినారు. పాత ఫిల్టరు తీసి, దాని రబ్బరు వలయము ఇంజనుకు అంటుకొని మిగిలినదేమో వేలితో తడిమి చూచినారు. మిగిలినచో రెండు వలయముల నడుమ నుండి నూనె చిమ్మి, కొద్ది నిమిషములలో ఇంజను ఖాళీయగునట. కొత్త వలయమునకు నూనె రాచి, పానా వాడక, వలయము తాకిన పిదప చేతితోనే ముప్పాతిక చుట్టు బిగించినారు. బోల్టుకు కొత్త వాషరు వేసి, నూనె పోసి, ఇంజనును క్షణకాలము తిప్పి ఆపి, సమతలమున మట్టము చూచినారు. దింపిన నల్లని నూనెను డబ్బాలో నింపి మూత పెట్టినారు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమముల ప్రకారము అది అధికారము పొందిన పునశ్శుద్ధి కేంద్రమునకు చేరవలసినదే గాని కాలువలో కలియరాదు.

షెడ్డులో ఇంటర్మీడియట్‌తో చదువు మానిన పిల్లవాడొకడు పని నేర్చుకొనుచున్నాడు. మా లెక్కలు విని, “సార్, ఆ నంబర్ల సంగతి తెలుగులో రాసివ్వండి. ఉస్తాద్‌కి ఉర్దూలో కూడా” అని అడిగినాడు. ఒక అట్టపై రెండు లిపులలోను వ్రాసి ఇచ్చినాము. తొలి పంక్తి: ‘ముందు కారు పుస్తకము చూడుము.’ చివరి పంక్తిని ఉస్తాదు గారు చెప్పగా వ్రాసినాము: ‘పాత రబ్బరు వచ్చినదా?’

విద్యార్థి మిత్రులారా, చదువు అబ్బనివాడికి షెడ్డు అని మన ఇండ్లలో పిల్లలను బెదిరించుచుందుము. కాని ఘాటీ మలుపులో తల్లిని క్షేమముగా ఇల్లు చేర్చునది ఆ షెడ్డులోని చేయి కూడ. ఆ చేతికి అంకె చదువు అందకుండ చేయుట మన తప్పు. మన చదువుకు ఆ చేతివాటము తెలియకపోవుట మన లోటు. అట్ట మీద అప్పుడే నూనె మరకలు పడినవట. చదువుచున్నారనుటకు అంతకంటె సాక్ష్యమేల?