కాపలాకు కాపలా

రాత్రి పన్నెండు దాటాక కాలనీలో గూర్ఖా కర్ర చప్పుడు వినిపిస్తుంటే నిద్రలోనే ఒక ధీమా. ఆ టక్ టక్ దొంగల్ని బెదిరించడానికే అనుకుంటాం కానీ, అది మనకోసం కూడా. ‘మెలకువగానే ఉన్నాను’ అని చెప్పడమన్నమాట. మరి ఓ రాత్రి ఆ చప్పుడు వినపడలేదనుకోండి... అంతా క్షేమంగా ఉన్నట్టా, గూర్ఖా కునుకు తీస్తున్నట్టా? దిండు మీద తల పెట్టుకుని ఎంత ఆలోచించినా తేలదు.

కంప్యూటర్లకూ ఇదే చిక్కు. బ్యాంకు ఖాతాలు, ఆస్పత్రి రికార్డులు, రైలు టిక్కెట్లు... వీటన్నిటి వెనకా ఎక్కడో చల్లటి గదుల్లో యంత్రాలు రాత్రింబవళ్లు పనిచేస్తుంటాయి. డిస్కు నిండుతోందా, మెమరీ సరిపోతోందా అని వాటిని కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాములు వేరే ఉన్నాయి. పేర్లు కూడా పురాణాల్లోంచి తెచ్చుకున్నారు. మునిన్ అంటే ఓడిన్ దేవుడికి లోకం కబుర్లు మోసుకొచ్చే పక్షి. 2012లో సౌండ్‌క్లౌడ్ అనే సంగీతం కంపెనీలో మొదలైన ప్రొమీథియస్‌కేమో, దేవతల దగ్గర్నుంచి నిప్పు ఎత్తుకొచ్చిన గ్రీకు వీరుడి పేరు. మనవాళ్లు పెట్టి ఉంటే తప్పకుండా చిత్రగుప్తుడనేవారు!

చర్లపల్లిలో ఓ మేడమీద గదిలో ఉండే ఒకాయనకు ఈ చిత్రగుప్తుల మీదే ధ్యాస. పగలు ఏదో కంపెనీలో ఉద్యోగం. రాత్రి భోజనాలయ్యాక మాత్రం నిక్స్‌ఓఎస్ అనే లినక్స్ కోసం పని. దానికి జీతం లేదు. మెచ్చుకోళ్లు కూడా అంతంతమాత్రమే. ఎవరైనా అడిగితే ‘ఆప్షన్ల పక్కన వివరణలు సరిచూస్తుంటాను’ అంటాడు. విన్నవాళ్లు ఇంకో ప్రశ్న వేయరు.

లినక్స్ అంటే ఒకటి కాదు. అన్నం ఒకటే అయినా ఇంటింటికీ విస్తరి వేరైనట్టు, అదే లినక్స్ చుట్టూ రకరకాల ప్రోగ్రాములు వడ్డించి ఇచ్చేవాటిని డిస్ట్రిబ్యూషన్లు అంటారు. 1993లో పుట్టిన డెబియన్ అలాంటిదే. నిక్స్ కథ 2003లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఈల్కో డోల్‌స్ట్రా అనే పరిశోధకుడు 2006లో దాని మీదే డాక్టరేట్ సిద్ధాంతగ్రంథం రాశాడు. దాని మీద తయారైన నిక్స్‌ఓఎస్ ప్రత్యేకత ఏంటంటే, యంత్రం ఎలా ఉండాలో ముందుగా కాగితం మీద రాసుకున్నట్టు రాసేస్తాం. ఆ రాత ప్రకారం యంత్రం తయారవుతుంది. ఫలానా సేవ కావాలి, ఫలానా పోర్టులో ఉండాలి... ఇలాంటి ఒక్కో కోరికా ఒక్కో ఆప్షన్. అవి పదివేలకు పైనే ఉన్నాయి.

ఉదాహరణకు నోడ్ ఎక్స్‌పోర్టర్. యంత్రం నాడి చూసి ప్రొమీథియస్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాము. నిక్స్‌ఓఎస్‌లో ‘ఎనేబుల్’ అని ఒక్క వరస రాస్తే చాలు, అది నడుస్తుంది. ఆ ఒక్క వరస వెనక మాడ్యూల్ అనే పెద్ద వంటిల్లు ఉంది. సేవను మొదలుపెట్టడం, పడిపోతే మళ్లీ లేపడం, 9100 నంబరు పోర్టులో కూర్చోబెట్టడం... అన్నీ అందులోనే. ఫైర్‌వాల్ తలుపు మాత్రం మనం తెరవమంటేనే తెరుస్తుంది. ఈ సంగతి చదవకుండా ఎనేబుల్ చేసినవాళ్లకు ఎక్స్‌పోర్టర్ లోపల భేషుగ్గా మాట్లాడుతుంటుంది. బయటి యంత్రానికి ఒక్క ముక్కా వినపడదు.

అందుకే ప్రతి ఆప్షన్‌కూ నాలుగు విషయాలు రాస్తారు. అది ఏ రకం, చెప్పకపోతే ఏమనుకోవాలి, ఒక ఉదాహరణ, ఓ రెండు వాక్యాల వివరణ. పోర్టు నంబరు రాయాల్సిన చోట ఊరి పేరు రాస్తే యంత్రమే ఒప్పుకోదు. ఎవరైనా కొత్త ఆప్షన్ చేర్చి వివరణ రాయడం మరిచిపోతే ఏకంగా మాన్యువల్ తయారీయే ఆగిపోతుంది. ఇంత పకడ్బందీగా ఉంటే ఇక భయమేముంది? ఉంది. వాక్యం ఉందా లేదా అన్నది యంత్రం చూడగలదు. ఆ వాక్యం నిజమా కాదా అన్నది మాత్రం మనిషే చూడాలి.

నోడ్ ఎక్స్‌పోర్టర్‌లోనే ‘ఏమేం కొలవాలి’ అని జాబితా ఇచ్చే ఆప్షన్ ఒకటుంది. అందులో సిస్టమ్‌డీ అని రాస్తే యంత్రంలో నడిచే సేవల బాగోగులు కూడా చెబుతుంది. మామూలుగా అయితే చెప్పదు. ఇప్పుడొక సందేహం. ఆ ఒక్కటే రాస్తే మిగతావన్నీ కొలవడం మానేస్తుందా? మానదు. ఇక్కడ రాసినవి మామూలు వాటికి అదనం అని వివరణలో ఉంది. ‘అదనం’ అన్న ఆ మాట లేకపోతే, ఒకడు భయపడి అన్నీ రాస్తాడు. ఇంకొకడు అన్నీ ఎలాగూ ఉన్నాయనుకుని సిస్టమ్‌డీ రాయడమే వదిలేస్తాడు. రెండోవాడి సర్వర్‌లో ఓ సేవ కుప్పకూలినా గంట మోగదు.

2022, 2023 సంవత్సరాల్లో ఈ వివరణలన్నిటినీ డాక్‌బుక్ అనే పాత రాత పద్ధతి నుంచి మార్క్‌డౌన్‌లోకి మార్చారు. వేల వాక్యాలు! అక్షరం చెదరకుండా గుర్తులన్నీ మారాయి. పాత అబద్ధాలేమైనా ఉంటే అవి కూడా అక్షరం చెదరకుండా కొత్త ఇంట్లోకి వచ్చి ఉంటాయి.

ఆయన తండ్రి ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. అయ్యగారి సాంబశివరావు ఆధ్వర్యంలో 1967లో మొదలైన ఆ సంస్థ అణు విద్యుత్ కేంద్రాలకు కంట్రోల్ పరికరాలు చేస్తుందని, ఓటింగ్ యంత్రాలూ చేస్తుందని ఈ చుట్టుపక్కల చిన్నపిల్లల్నడిగినా చెబుతారు. ఏఎస్‌రావు నగర్‌కు ఆ పేరు ఆయనదే మరి. కొడుకు ఏం చేస్తున్నాడో అందరికన్నా ముందు అర్థమైంది ఆ తండ్రికే.

“మీటరు తప్పు చూపిస్తే ఎప్పటికైనా దొరుకుతదిరా” అన్నారట ఓసారి. “మీటర్‌ని అందరూ అనుమానిస్తరు. పక్కన పెట్టిన కాగితాన్ని ఎవడనుమానిస్తడు?”

ఆ మాటకు 2018లో జరిగింది చక్కటి ఉదాహరణ. నోడ్ ఎక్స్‌పోర్టర్ 0.16 వెర్షన్‌లో చాలా కొలతల పేర్లు మార్చారు. ఏది సెకన్లో, ఏది బైట్లో పేరులోనే తెలియాలని. మంచి ఆలోచనే. కానీ ‘డిస్కులో ఖాళీ తగ్గితే గంట కొట్టు’ అని పాత పేరుతో రాసిపెట్టుకున్న వాళ్ల సంగతి? ప్రొమీథియస్ ఆ పేరు కోసం వెతుకుతుంది. అలాంటిది లేదు. లేని దాని మీద షరతు ఎలా నిజమవుతుంది? కాబట్టి గంట కొట్టదు. తప్పు జరిగిందని ఎర్రదీపం కూడా వెలగదు. తెర మీద అంతా చల్లగా ఉంటుంది, డిస్కు మాత్రం నిండిపోతూ ఉంటుంది.

నిక్స్‌ఓఎస్ ఆప్షన్ల పేర్లు మార్చేటప్పుడు దీనికి ఓ ఉపాయం ఉంది. ‘మా దుకాణము పక్క వీధిలోనికి మార్చబడినది’ అని పాత షట్టర్ మీద బోర్డు పెడతారు చూడండి, అచ్చం అలాగే. పాత పేరు రాసినా పనిచేస్తుంది, కొత్త పేరేదో హెచ్చరిక వస్తుంది. ఆప్షన్ పూర్తిగా తీసేస్తే యంత్రం తయారీనే ఆపి, బదులుగా ఏం చేయాలో చెబుతుంది. ఏడాదికి రెండుసార్లు, మేలోనూ నవంబరులోనూ కొత్త విడుదల వస్తుంది. అంతకు ముందు వారాల్లో మేడమీద గదిలో లైటు ఆరేసరికి ఒంటిగంట దాటుతుంది. ఏ ఎక్స్‌పోర్టర్ ఏం మార్చుకుంది, మాడ్యూల్‌లో దానికి తగ్గట్టు ఏం మారాలి, వివరణ ఇంకా నిజమేనా... ఒక్కొక్కటి నడిపి చూసుకోవాలి.

ఎందుకంటే ఎవరో పంపిన మార్పును చదవకుండా కలిపేసుకునే రోజులు కావివి. 2024 మార్చిలో ఎక్స్‌జడ్ అనే చిన్న ప్రోగ్రాములో దొంగదారి బయటపడింది. అలసిపోయిన ఒంటరి నిర్వాహకుడికి సాయం చేస్తానంటూ వచ్చి, రెండేళ్లపాటు నమ్మకం సంపాదించి మరీ పెట్టారు. లాగిన్‌కు అరసెకను ఆలస్యమెందుకు అవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి పట్టుబడింది. అయితే ఆ భయంతో కొత్తవాళ్లను రానివ్వకపోతే మిగిలేది మళ్లీ అలసిపోయిన ఒంటరివాళ్లే కదా! దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు.

ఇంకో లోటు మనకు సంబంధించింది. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులో పలికించింది. మెనూలూ కిటికీలూ తెలుగయ్యాయి. సర్వర్ల ఆప్షన్ల వివరణలు మాత్రం ఇంగ్లిషులోనే ఉన్నాయి. చర్లపల్లి కుర్రాడు రాసినా, ఆమ్‌స్టర్‌డామ్ కుర్రాడు రాసినా రాసేది పరాయి భాషలోనే. అందుకేనేమో, ఆయన ప్రతి వివరణనీ ముందు తెలుగులో తనకు తాను చెప్పుకుంటాడు. తెలుగులో తేలిగ్గా రాకపోతే ఇంగ్లిషు వాక్యంలో ఏదో దాక్కుందని లెక్క.

ఇంతకీ మౌనానికి విరుగుడు? రైలింజన్లలో ఉంది. డ్రైవరు కొంతసేపు ఏ మీటా ముట్టుకోకపోతే ముందు హెచ్చరిక వస్తుంది, దానికీ పలకకపోతే బ్రేకులు పడతాయి. 2025 జనవరిలో కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక చర్లపల్లికి రైళ్ల సందడి బాగా పెరిగింది. వాటిని లాగే ఇంజన్లలో ఉన్న కిటుకునే ప్రొమీథియస్ వాడేవాళ్లూ పట్టుకున్నారు. ఎప్పుడూ మోగుతూనే ఉండే అలారం ఒకటి పెట్టుకుంటారు. అది మోగినంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆగిందంటే కాపలాదారే పడిపోయాడని పరుగెత్తుతారు. ఏ యంత్రం పలకలేదో ప్రొమీథియస్ కూడా ‘అప్’ అనే కొలతలో సున్నా వేసి చెబుతుంది. కానీ దాన్ని చూడమని ఎవరో ఒకరు రాసి ఉండాలి. రాయాలంటే ముందు తెలిసి ఉండాలి. తెలియాలంటే...

“ఇంకా కాలేదారా నీ పని?” కింద నుంచి తల్లి కేక.

“ఒక్క మాట కలిపితే అయిపోతదమ్మా.”

“గంటసేపటి సంది ఒక్క మాటనా? ఏం మాటరా అది?”

“‘కూడా’.”

ఆవిడ ఇంకేం అడగకుండా పాలగిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టింది.